శ్రీనాథుడు కాదన్న సీమలో అద్దె ఇల్లు

పల్నాడు కాపురానికి పనికిరాదని అందరికంటే ముందు తీర్పు చెప్పినవాడు కవిసార్వభౌముడు శ్రీనాథుడు. కొండవీటి రెడ్ల కొలువులో భోగాలు మరిగిన మనిషి. ఈ వైపు వచ్చి రాళ్లనీ తేళ్లనీ నీళ్లనీ జొన్నకూటినీ ఏకరువు పెట్టాడు. రంభంతటిది వచ్చినా ఇక్కడ నూలు వడుక్కోవాల్సిందేనని వెక్కిరించాడు. ఆ చాటువులు ఆయన పేరు మీద ఇప్పటికీ జనం నోళ్లలో ఆడుతూనే ఉన్నాయి.

మా బాబాయి ముప్పై ఏళ్లు తెలుగు పంతులుగా పనిచేసి ఆ పద్యాలే పిల్లలకు చెప్పాడు. రిటైరయ్యాక హైదరాబాదులో కొడుకు ఫ్లాట్లో ఆర్నెల్లు ఉండి, ఒకరోజు ఫోన్ చేశాడు. “పల్నాడులోనే ఎక్కడో ఒకచోట ఇల్లు చూడరా అబ్బాయా, ఈ లిఫ్టు నావల్ల కాదు.” పొద్దున నడవడానికి చోటుండాలి, పిన్నికి బీపీ చూసే డాక్టరు దగ్గర్లో ఉండాలి, రాత్రి తొమ్మిదింటికి బస్సు దిగినా ఆటో దొరకాలి. సెంటు ఎంత పలుకుతుందో, రాజధాని రోడ్డు ఎటు పోతుందో అడగలేదు. ఇల్లు వెతికేవాళ్లలో ఇలాంటివాళ్లు తగ్గిపోయారు. అమరావతి పనులు మళ్లీ మొదలైన దగ్గర్నుంచి ప్లాట్లు చూపించేవాళ్లే తప్ప కాపురముండే ఇల్లు చూపించేవాళ్లు కనపడటం లేదు.

మొదట నరసరావుపేట చూశాం. మల్రాజు వారి జమీందారు నరసరావు పేరు మీద 1797లో వెలిసిన ఊరు, అంతకుముందు అట్లూరనే పల్లె. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి, ఇదే జిల్లా కేంద్రమైంది. మాచర్ల పెద్దవాళ్ల దగ్గర ఈ మాటంటే మూతి ముడుస్తారు. వాళ్ల లెక్కలో పల్నాడంటే మాచర్ల, గురజాల, కారంపూడి. పేట పల్నాటికి గుమ్మమే కానీ ఇల్లు కాదట. వాదన వాళ్లదే నెగ్గుతుంది గానీ, జ్వరమొస్తే వాళ్లు బస్సెక్కేది పేటకే.

ఉదయం పేటలోని పల్నాడు రోడ్డులో నిలబడితే ఆ సంగతి తెలుస్తుంది. మాచర్ల, వినుకొండ బస్సులు దిగేవాళ్లలో సగం మంది చేతిలో స్కానింగు కవరు, మరో చేతిలో టిఫిను క్యారియరు. దుర్గి మనిషి మాచర్ల వస్తాడు, మాచర్ల మనిషి పేట వస్తాడు, పేట మనిషి గుంటూరు పోతాడు. ఈ గొలుసులో మనం ఎక్కడ ఉండాలనుకుంటున్నామన్నదే అసలు సంగతి. పేట నుంచి గుంటూరు నలభై అయిదు కిలోమీటర్లు. పొద్దున్నే వెళ్లి ఉద్యోగం చేసుకుని చీకటిపడే వేళకు వచ్చేవాళ్లు బోలెడుమంది. బెంగుళూరులో పిల్లలున్నవాళ్లకు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఇక్కడే ఆగుతుంది. 2011 లెక్కలకే జనాభా లక్ష దాటిన ఊరు కాబట్టి రాత్రి ఆటో గురించి బెంగ లేదు. కోటప్పకొండ పది, పన్నెండు కిలోమీటర్లే. శివరాత్రికి ఊళ్లనుంచి ప్రభలు కదిలాయంటే ఆ దారిలో మన పని ఏదైనా మర్నాటికి వాయిదా వేసుకోవాల్సిందే.

బ్రోకరు చూపించిన మొదటి ఇంట్లో నిలువెత్తు టైల్స్, గోడనిండా కప్‌బోర్డులు ఉన్నాయి. అతను ఫాల్స్ సీలింగు లైట్లు ఒక్కొక్కటీ వేసి చూపిస్తుంటే పిన్ని వెనక్కి వెళ్లి కుళాయి తిప్పింది. చుక్క నాలుకమీద వేసుకుంది. తర్వాత బాత్రూములో ఉన్న బకెట్టు వంచి అడుగు చూసింది. తెల్లగా, గోరుతో గీకినా రాకుండా, సున్నప్పొర పేరుకుపోయి ఉంది.

“బోరేనా?”

“బోరేనమ్మగారూ, నీళ్లకు లోటుండదు.”

“మంచినీళ్ల పంపు?”

“తాగడానికి క్యాను తెచ్చేస్తారండీ.”

పిన్ని ఇంకేం మాట్లాడకుండా చెప్పులు వేసుకుంది.

పల్నాటి నేల కింద చాలావరకు సున్నపురాయి. దానిలోంచి ఊరిన నీళ్లలో సబ్బు నురగ రాదు, పప్పు ఒక పట్టాన ఉడకదు. కొన్ని మండలాల్లో ఫ్లోరైడు బాధ కూడా తోడవుతుంది. శ్రీనాథుడి ఫిర్యాదులో ఈ నీళ్ల ముక్క మాత్రం నిజం. దాన్ని కాస్తయినా కొట్టేసింది నాగార్జునసాగర్. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ నీళ్లొచ్చాక పొలాలు మారాయి, తిండి మారింది. ఊళ్లు తాగేదీ చాలావరకు సాగర్ నీళ్లే. ఎండాకాలం కాలువ కట్టేసేలోగా మంచినీటి చెరువులు నింపుకుంటారు. కాబట్టి ఇక్కడ ఇల్లు చూసేవాళ్లు అడగాల్సింది ఎన్ని బెడ్‌రూములని కాదు. మున్సిపాలిటీ పంపు ఉందా, ఏ వేళకు వదులుతారు, మే నెలలో ఎన్నిరోజులకోసారి వస్తుంది అని.

అన్నట్టు, చూడటానికి కూడా మే నెలలోనే రండి. రాష్ట్రంలో ఎండ ఎక్కడ ఎక్కువని పేపరు తిరగేస్తే రెంటచింతల పేరు కనపడుతుంది. అది మాచర్లకూ గురజాలకూ మధ్యనున్న ఊరు. డిసెంబరులో చూసి అడ్వాన్సు ఇచ్చినవాళ్ల అగచాట్లు నేను చూశాను.

మాచర్ల జనాభా పేటలో సగం. బాబాయి మనసు నిజానికి అక్కడే ఉంది. చెన్నకేశవస్వామి గుడి, పల్నాటి యుద్ధకథలోని బ్రహ్మనాయుడి చాపకూడు, మలిదేవుడి రాజధాని, బాబాయి పాఠాలన్నీ ఆ వీధుల్లోనే నడిచాయి. పాతిక కిలోమీటర్లలోపే సాగర్, దారిలోనే ఎత్తిపోతల. రైలు అక్కడే మొదలవుతుంది కాబట్టి కిటికీ పక్క సీటుకు ఢోకా లేదు. నాపరాళ్లు కోసే మిషన్ల రొద, ఆ తెల్లటి బురద ఊరి అంచుల్లో తప్పవు. పిన్ని ఒక్క ప్రశ్న అడిగింది: “రాత్రిపూట గుండెల్లో నొప్పొస్తే?” బాబాయి జవాబు చెప్పలేదు. 2024 మే ఎన్నికలప్పుడు మాచర్లలోనూ పేటలోనూ 144 సెక్షను పెట్టి దుకాణాలు మూయించిన సంగతి కూడా ఆవిడ గుర్తుచేసింది. అయిదేళ్లకోసారి వచ్చే గొడవకు ఊరు వదులుకోలేం గానీ, పాలు, మందులు రెండురోజులకు సరిపడా పెట్టుకోవడం ఇక్కడివాళ్లకు అలవాటే.

గురజాల, అదే కథలోని నాగమ్మ మంత్రిగా చక్రం తిప్పిన ఊరు, 2020లోగానీ నగర పంచాయతీ కాలేదు. కోర్టు పనిమీద వచ్చినవాళ్లు వెళ్లిపోతే సాయంత్రానికి సందడి అణిగిపోతుంది. పొలం అక్కడే ఉన్నవాళ్లకు అంతకంటే హాయి లేదు. పిడుగురాళ్లకు హైదరాబాదు రైళ్లున్నాయి, పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఆగుతుంది. కానీ సున్నపుబట్టీల వైపు వేపచెట్లు కూడా తెల్లగా ఉంటాయి. ఉతికిన చీర ఆరేసేచోట నిలబడి పిన్ని ఆకు తుడిచి చూసింది, అంతే.

చివరికి పేటలోనే, పాత వీధిలో, పెంకుటింటిని ఆనుకుని కట్టిన రెండు గదుల డాబా కుదిరింది. పంపు పొద్దున వస్తుంది. వీధి మొగలో సాయంత్రం జొన్నరొట్టెల బండి పెడతారు. కవిసార్వభౌముడు ఈసడించిన కూడు, ఇప్పుడు షుగరున్నవాళ్లంతా వరసకట్టి కొనుక్కుంటున్నారు. బాబాయికీ షుగరే.

ఇల్లుగలావిడ మాత్రం నేల చూపించి మొహమాటపడింది. అంతా నాపరాళ్ల గచ్చు, ఏళ్ల తరబడి నడిచి నడిచి నునుపెక్కి, నల్లగా మెరుస్తోంది. బయట నలభై దాటిన ఎండ. పిన్ని చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికి అడుగుపెట్టి, రెండో అడుగు వేయకుండా కాసేపు అక్కడే నిలబడింది.

“వచ్చే నెలలో టైల్స్ వేయిస్తామండీ, ఏమనుకోకండి,” అందావిడ.

“వద్దమ్మా,” అంది పిన్ని. “ఇలాగే ఉంచండి.”