నా ఓటమి నాదే

మా వారిని కూరల బజారుకు పంపేటప్పుడు నేనెప్పుడూ రెండు పేర్లు చెబుతాను. "వంకాయలు తీసుకురండి. లేతగా లేకపోతే దొండకాయలు." రెండో పేరు చెప్పడం మరిచిపోయానా, ముదురు వంకాయలతోనో ఖాళీ సంచీతోనో తిరిగొస్తారు. ఈ జాగ్రత్త వంటింటి వరకే అనుకునేదాన్ని. కాదని 2022 అక్టోబరులో తెలిసొచ్చింది.

టీవీలో కాంగ్రెసు అధ్యక్ష పదవికి ఖర్గేగారూ థరూర్‌గారూ పోటీపడుతున్న రోజులవి. మా ఏలూరులో, మా పేట ఆడవాళ్ల సంఘానికీ అప్పుడే ఎన్నిక వచ్చింది. నిలబడవలసింది పక్కింటి పిన్నిగారు. మోకాళ్ల నొప్పులంటూ ఆవిడ తప్పుకున్నారు. ఆ సాయంత్రం మా వారు నన్ను మాటమాత్రం అడక్కుండా నలుగురిలో నా పేరు చెప్పేసి వచ్చారు. "నువ్వు ఊరికే నుంచో, మిగతాది నేను చూసుకుంటా" అన్నారు. చూసుకున్నారు కూడానూ. ఇల్లిల్లూ తిరిగి సభ్యురాళ్ల భర్తలందరితోనూ మాట్లాడి వచ్చారు!

ముగ్గురం నిలబడ్డాం. గెలిచినావిడకు 17 ఓట్లు, నాకు 15, మూడో ఆవిడకు 11. ఆవిడకు ఓటేసిన వాళ్లే కొందరు నా దగ్గరకొచ్చి, "ఆవిడ కాకపోతే మీరే అనుకున్నామండీ" అన్నారు. అనుకుంటే ఏం లాభం? చీటీ మీద ఒక్క పేరే రాయమన్నారాయె. వంకాయ కాకపోతే దొండకాయ అని చెప్పుకునే చోటేదీ?

అసలు బాధ ఇంటికొచ్చాక. మా వారు కుర్చీలో కూలబడి, "ఈ ఓటమి నీది కాదోయ్, నాది" అన్నారు. ఓదార్పుగానే అన్నారు పాపం, కాఫీ కూడా తనే కలిపిచ్చారు. ఎందుకో ఆ కాఫీ గొంతు దిగలేదు.

మర్నాడు తాడేపల్లిగూడెంలో మా అక్కయ్య దగ్గరకు బస్సెక్కాను. గుండుగొలను రాగానే నాన్నగారు గుర్తొచ్చారు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా "పట్టాభిగారు పుట్టిన ఊరమ్మా" అనేవారు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1880లో పుట్టిందక్కడే. బందరులో వైద్యం చేశారు, 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు, కాంగ్రెసు చరిత్ర రాశారు. ఇన్ని చేసినా లోకానికి గుర్తున్నది మాత్రం ఆయన ఓటమి ఒక్కటే.

1939 నాటి మాట. కాంగ్రెసు మహాసభ మార్చిలో, జబల్‌పూరు దగ్గర త్రిపురిలో. అధ్యక్షుడి కోసం ఓట్లు మాత్రం జనవరి 29నే పడిపోయాయి. ప్రతినిధులు ఎవరి రాష్ట్రంలో వారే ఓటు వేశారు. సుభాష్ చంద్రబోసుగారు రెండోసారి నిలబడ్డారు. ఆయనకు పోటీగా పెద్దలు మౌలానా ఆజాద్‌గారిని అనుకుంటే ఆయన తప్పుకున్నారు. ఇక మిగిలింది పట్టాభిగారు. మా పిన్నిగారి మోకాళ్లు గుర్తొచ్చాయా మీకు? నాకూ అంతే. బోసుగారికి 1580, పట్టాభిగారికి 1377. ఆ ఓటమి పట్టాభిది కన్నా తనదే ఎక్కువని గాంధీగారు ప్రకటించారు.

తర్వాత గాంధీగారి ఇష్టప్రకారమే కార్యవర్గాన్ని వేసుకోవాలని త్రిపురిలో తీర్మానమైంది. ఏప్రిల్ నెలాఖరుకు బోసుగారు రాజీనామా చేశారు. గెలిచినాయనకు గెలుపు మిగల్లేదని అందరూ బాధపడతారు. నిజమే. మరి ఓడినాయనకు ఓటమైనా మిగిలిందా? కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఇదే ఆలోచన నాకు.

అక్కయ్య రాజనీతిశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైంది. అంతా విని నవ్వింది. "నీ వంకాయ రూలు కాంగ్రెసు నిబంధనల్లోనే ఉందే! ఇద్దరికి మించి నిలబడితే చీటీ మీద 1, 2 అని కనీసం ఇద్దరి పేర్లకైనా అంకెలు వేయాలి. లేకపోతే ఆ ఓటు చెల్లదు. ఎవరికీ సగం దాటకపోతే అందరికన్నా తక్కువ వచ్చినవారిని తీసేసి, వారి ఓట్లను రెండో పేరుకు కలుపుతారు. తమ్మిలేరు, బుడమేరు ఎన్ని వచ్చి కలిసినా కొల్లేట్లోంచి సముద్రానికి ఉప్పుటేరు ఒక్కటేగా దారి! అలా లెక్కపెడితే నువ్వే గెలిచేదానివేమో."

అమెరికా సంగతీ చెప్పింది. అక్కడ డెమొక్రాటిక్ పార్టీ వాళ్ల అభ్యర్థికి మూడింట రెండు వంతుల ఓట్లు రావాలని ఒకప్పుడు నియమమట. 1924లో న్యూయార్కులో పోటీ ఎటూ తెగక ఏకంగా 103 సార్లు ఓట్లు వేశారట. కొల్లేటి చేంతాడంటే అదీ! చివరికి మొదటినుంచీ కొట్టుకున్న ఇద్దరినీ కాదని జాన్ డేవిస్ అనే మూడో ఆయన్ని ఎన్నుకున్నారు. ఆ నియమాన్ని 1936లో తీసేశారు. ఇంకోటి యూనిట్ రూలు. ఒక రాష్ట్రం ప్రతినిధుల్లో ఎక్కువమంది ఎటంటే, కాదన్నవాళ్ల ఓట్లనూ అటే రాసుకోవచ్చు. దాన్నీ 1968లో రద్దు చేశారట.

"అక్కడ రద్దు చేశారు గానీ మన ఇళ్లల్లో ఉందిగా" అన్నాను. మా వారు ఓట్లడిగింది భర్తలనే కదా మరి!

అక్కయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పట్టాభిగారు 1948లో మళ్లీ నిలబడ్డారు, తెలుసా? పురుషోత్తమదాస్ టాండన్‌గారి మీద గెలిచి జైపూరు మహాసభకు అధ్యక్షత వహించారు. ఓడిన టాండన్‌గారు 1950లో గెలిచారు. ఓటమి మన దగ్గరుంటేనే తల్లీ, దాన్ని పట్టుకుని మళ్లీ లేవగలిగేది" అంది.

ఇంటికి రాగానే మా వారితో, "నా ఓటమి నాకు ఇచ్చేయండి" అన్నాను. ఆయన తెల్లబోయారు. "ఈసారి నుంచుంటే నేనే నుంచుంటాను. నేనే అడుగుతాను. ఆడవాళ్లనే అడుగుతాను" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. వీధి అరుగు మీద చాలాసేపు కూర్చుండిపోయారు.

2024లో మళ్లీ నిలబడ్డాను. చీటీ మీద 1, 2 అని రాసే పద్ధతి పట్టుబట్టి నేనే పెట్టించాను. గడపగడపకూ వెళ్లాను. సరిగ్గా ఆ లెక్క ప్రకారమే ఓడిపోయాను, మూడు ఓట్ల తేడాతో!

గుమ్మంలోనే మా వారు, "ఏమైంది?" అన్నారు.

"ఓడిపోయాను" అన్నాను.

"నేను..." అని ఏదో అనబోయి ఆగి, "కాఫీ కలపనా?" అన్నారు.

కలపమన్నాను. చెప్పొద్దూ, ఆ కాఫీ ఎంత బాగుందో!