పదహారు వేలలో ఫిల్మ్ సిటీ యాత్ర

వినోద ఉద్యానవనాలు మన దేశంలో వెలసి ఎంతో కాలం కాలేదు. అమెరికాలో డిస్నీలాండ్ 1955లోనే తెరుచుకోగా, మన రాజధాని ఢిల్లీలో అప్పూఘర్ 1984లో ప్రారంభమైనది. 1982 ఆసియా క్రీడల చిహ్నమైన గున్న ఏనుగు పేరునే దానికి పెట్టారు. 2008లో అది మూతపడినది. బొంబాయి శివార్లలోని గోరాయిలో ఎస్సెల్ వరల్డ్ 1989లో వచ్చినది. మన తెలుగువారికి ఆ ముచ్చట 1996లో తీరినది. హైదరాబాదు నుండి విజయవాడ వెళ్లే రహదారి మీద, హయత్‌నగర్ దాటిన తరువాత, కొండలూ బండలూ నిండిన నేలలో రామోజీరావు నిర్మించిన ఫిల్మ్ సిటీ 1,666 ఎకరాల విస్తీర్ణంతో ప్రపంచంలోనే పెద్ద చలనచిత్ర నిర్మాణ కేంద్రంగా గిన్నిస్ పుస్తకానికెక్కినది. ఆయన 2024 జూన్‌లో కన్నుమూశారు.

విశాఖపట్నంలో ఉండే మాబోటివారికి అది ఒక రాత్రి రైలు ప్రయాణం. దూరం పెద్ద సమస్య కాదు. సమస్య వేరు. మన ఊళ్లలో తిరునాళ్లకు పోతే రంగులరాట్నానికి ఒక టిక్కెట్టు, జెయింట్ వీల్‌కు మరొకటి కొంటాము. జేబు తేలికైన క్షణాన "ఇక చాలు, పదండి" అనవచ్చును. ఈ కొత్త ఉద్యానవనాల పద్ధతి అది కాదు. తలకింత అని గుమ్మం దగ్గరే మొత్తం పుచ్చుకొని, లోపల చాలా వాటికి మళ్లీ డబ్బు అడగరు. అంటే, లోపల అడుగు పెట్టే సరికే ఖర్చులో పెద్ద భాగం అయిపోతుంది. ఆ డబ్బుకు ఎంత వినోదం దక్కుతుందన్నది అక్కడి నుండి రెండే విషయాల మీద ఆధారపడి ఉంటుంది: చేతిలో ఉన్న గంటలు, కాళ్లలో ఉన్న సత్తువ. మేము వేసుకున్న ప్రణాళిక అంతా ఈ రెండింటి చుట్టూనే తిరిగినది.

మా కుటుంబంలో అయిదుగురం. మేమిద్దరం, పదకొండేళ్ల అబ్బాయి, ఆరేళ్ల అమ్మాయి, పిల్లల మామ్మ. సహకార పరపతి సంఘం అప్పు వాయిదాలు, బడి ఫీజు పోగా యాత్రకు మిగల్చగలిగినది 16,000 రూపాయలు. దానిని మించరాదని మొదటి రోజే ఒక నోటు పుస్తకంలో వ్రాసుకున్నాము. లెక్క వేసి చూడగా ప్రవేశ రుసుముకే సగానికి కొంచెం తక్కువ పోతున్నది. రైలు, బస, భోజనం కలిపితే రెండు వేలకు పైగా లోటు కనిపించినది.

ఆ లోటును పూడ్చే మార్గం మామ్మే చెప్పినది. "నన్నెందుకురా మోసుకుపోవడం? మోకాళ్లా నొప్పులాయె. నా టిక్కెట్టు డబ్బులు మిగుల్తాయి, మీరు నలుగురూ వెళ్లి రండి. ఇంట్లో పాలవాడికి జవాబు చెప్పడానికైనా ఒకరుండాలి కదా" అన్నది. లెక్క ప్రకారం ఆ మాట నూటికి నూరుపాళ్లు సరైనది. ఆవిడ రాకపోతే లోటు సరిగ్గా పూడిపోతుంది. కాని మా ఇంట్లో సినిమా అంటే నిజమైన ప్రాణం ఉన్న మనిషి ఆవిడ ఒక్కతే. చిన్ననాడు పల్లెలో టూరింగ్ టాకీసులో నేల మీద కూర్చుని 'మాయాబజార్' చూసిన కథ పిల్లలకు వందసార్లు చెప్పి ఉంటుంది. పిల్లలకు ఉయ్యాలలు ఎక్కడైనా దొరుకుతాయి. సినిమా తయారయ్యే చోటును చూడాలని డెబ్బై దాటిన వయసులో ఆవిడకు మళ్లీ అవకాశం వస్తుందని ఎవరు చెప్పగలరు? "అత్తయ్యగారూ, మీరు రాకపోతే యాత్రే లేదు" అని తేల్చి, లోటు కోసం పుస్తకంలో మిగిలిన పద్దుల మీద పడ్డాము.

మొదటి కోత రైలులో. ఏ.సి. తరగతి మాని స్లీపరు తరగతి తీసుకున్నాము. ఫిబ్రవరి నెల కనుక ఎండ బాధ లేదు. అయిదు నిండి పన్నెండు నిండని పిల్లలకు విడిగా బెర్తు అక్కరలేదంటే సగం చార్జీ. బెర్తు కావాలంటే పూర్తి చార్జీ. 2016 నుండి ఇదే పద్ధతి. అబ్బాయికి పూర్తి టిక్కెట్టు, అమ్మాయికి సగం టిక్కెట్టు తీసి తల్లి పక్కన పడుకోబెట్టాము. వృద్ధుల రాయితీని 2020 మార్చిలో నిలిపివేశారు కనుక మామ్మకు పూర్తి చార్జీయే లెక్క కట్టుకున్నాము. ఆవిడకు కింది బెర్తు దొరకడం మాత్రం మాకు తప్పనిసరి. ముందస్తు రిజర్వేషను గడువును 2024 నవంబరు 1 నుండి 120 రోజుల నుండి 60 రోజులకు కుదించారు. అందుచేత 2025 ఫిబ్రవరి 7, శుక్రవారం నాటి గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు, గడువు తెరుచుకున్న ఉదయమే కూర్చుని టిక్కెట్లు తీశాము. మరునాడు రెండవ శనివారం. ఆ పై ఆదివారం. బడికీ, డ్యూటీకీ నష్టం లేదు.

ఇక్కడ ఎల్.టి.సి. గురించి ఒక మాట. పన్ను మినహాయింపు ప్రయాణపు చార్జీకే వర్తిస్తుంది. ప్రవేశ రుసుముకు గాని, బసకు గాని, ఊళ్లో తిరిగిన ఆటోకు గాని వర్తించదు. పైగా కొత్త పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికి ఆ మినహాయింపే లేదు. ఈ సంగతి తెలియక మొత్తం ఖర్చు తిరిగి వస్తుందని లెక్క కట్టుకునే సహోద్యోగులు మనలో తక్కువ మందేమీ కారు.

రెండవ కోత నగరంలో. సికింద్రాబాదులో దిగగానే చుట్టుముట్టే ఆటోలను, కార్లను దాటి మెట్రో ఎక్కాము. ఆకుపచ్చ మార్గంలో మహాత్మా గాంధీ బస్ స్టేషను దాకా, అక్కడ మారి ఎర్ర మార్గంలో ఎల్.బి. నగర్ దాకా. లిఫ్టులు ఉండటం వలన మామ్మకు మెట్ల బెడద తప్పినది. బస కూడా స్టేషను దగ్గర గాక ఎల్.బి. నగర్‌లోనే చూసుకున్నాము. ఫిల్మ్ సిటీ దారి అక్కడి నుండే కదా. అడుగు పెట్టిన గంట నుండి 24 గంటలకు అద్దె లెక్కించే చిన్న లాడ్జి అది. తెల్లవారి చేరేవారికి ఆ పద్ధతే లాభం. స్నానాలు ముగించి, పక్క వీధిలో ఇడ్లీలు కడుపునిండా తిని, సిటీ బస్సు ఎక్కాము. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహిళల ఉచిత బస్సు ప్రయాణం ఆ రాష్ట్రవాసులకు మాత్రమే. మన ఆధార్ కార్డు చూపితే టిక్కెట్టు కొట్టి ఇస్తారు. ముందే తెలిసి ఉండటం చేత బస్సులో వాదనకు దిగలేదు.

కడుపునిండా తినడం కూడా ప్రణాళికలో భాగమే. ఇటువంటి ఉద్యానవనాలలో చాలా వాటిలోకి బయటి తినుబండారాలను రానివ్వరు. రైలు కోసం ఇంటి నుండి తెచ్చిన పులిహోర, పెరుగన్నం రాత్రికే చెల్లిపోయినవి. లోపల మధ్యాహ్న భోజనం ఒక్కటే కొనేటట్లు ఏర్పరచుకున్నాము. ఇక పిల్లల అడగడం. దానికి మేము కనిపెట్టిన ఉపాయం చెరి 200 రూపాయలు వారి చేతికే ఇచ్చి, "ఇది మీ డబ్బు, మిగిలినా మీదే" అనడం. మా చేతిలోని డబ్బును ధారాళంగా అడిగే పిల్లలు తమ చేతిలోని డబ్బు దగ్గర ఎంత పిసినారులో ఆ రోజు చూశాము. అబ్బాయి 150 రూపాయలు వెనక్కు తెచ్చుకున్నాడు.

పిల్లల టిక్కెట్టును రైలులో వయసు నిర్ణయిస్తుంది. ఇటువంటి చోట్ల తరచుగా ఎత్తు నిర్ణయిస్తుంది. అందుచేత బయలుదేరే ముందే ఇద్దరినీ తలుపు చట్రానికి ఆనించి కొలిచి ఉంచాము. అబ్బాయికి పెద్దల టిక్కెట్టే అని పుస్తకంలో వ్రాసుకోవడం వలన గుమ్మం దగ్గర గుండె జారలేదు. టిక్కెట్లలో పెద్ద ధరల రకాలు కూడా ఉన్నవి. సాధారణపు టిక్కెట్టే చాలునని మా అభిప్రాయం.

లోపలి గంటలను మేము ఒక నియమంతో గడిపాము: ఒక నడక, వెంటనే ఒక కూర్చోవడం. ప్రధాన ద్వారం నుండి లోపలికి పాత కాలపు రూపంలోని ఎర్ర బస్సులు తీసుకుపోతాయి. మొదట అందరం వేదిక మీది నృత్య ప్రదర్శన చూసి, తరువాత రెండు జట్లయ్యాము. ఒకరు పిల్లలతో ఫండుస్తాన్‌కు. ఇంకొకరు మామ్మతో నీడన. చక్రాల కుర్చీ మాట ఎత్తగానే, "నేను నడవలేనిదాన్ననా నీ ఉద్దేశం?" అని ఆవిడ కోప్పడటం వలన ఈ ఏర్పాటు చేయవలసి వచ్చినది. సినిమా ఎలా తీస్తారో చూపే ప్రదర్శనలో ప్రేక్షకులలో నుండే కొందరిని పిలిచి, కదలని గుర్రపు బండి మీద కూర్చోబెట్టి చిత్రం తీస్తారు. మరికొందరి చేత శబ్దాలు చేయిస్తారు. రెండింటినీ కలిపి తెర మీద వేసి చూపుతారు. కదలని బండి తెర మీద పరుగెత్తడం చూసి పిల్లలకన్నా మామ్మే ఎక్కువ నవ్వినది.

సెట్లన్నీ బస్సులో కూర్చునే చూడవచ్చును, కొన్ని చోట్ల దిగవలసి ఉంటుంది. విమానాలు లేని విమానాశ్రయం, ఎవరూ ఎక్కని రైల్వే స్టేషను, ముఖద్వారమే తప్ప వెనుక ఇల్లు లేని వీధులు. 'బాహుబలి' సెట్టు దగ్గర అబ్బాయి మమ్మల్ని మరచిపోయాడు. అది ఆరుబయటి స్థలం. ఎండలో అంత దూరం వద్దని మామ్మ నీడన ఆగిపోయినది. ఆవిడ కాళ్లను దాచి ఉంచినది మరొక చోటి కోసం. ఈటీవీలో బాపు దర్శకత్వం వహించిన 'శ్రీ భాగవతం' ధారావాహిక కోసం వేసిన సెట్టు అది. అక్కడ ఆవిడ ఎవరి చేయీ పట్టుకోలేదు. ఏ గదిలో ఏ ఘట్టం జరిగి ఉంటుందో మనుమలకు చెప్పుకుంటూ స్తంభం నుండి స్తంభానికి నడిచినది. ఒక స్తంభాన్ని వేలి కణుపుతో కొట్టి చూసినది. బోలుగా మోగినది. మనుమరాలు తెల్లబోయి, "మామ్మా, ఇది నిజం కాదా?" అని అడిగింది. "కాదమ్మా. కాదని తెలిసి చూస్తేనే మరీ బాగుంటుంది" అని మామ్మ రెండవ స్తంభాన్ని కూడా కొట్టినది.

పక్షుల పార్కు, సీతాకోకచిలుకల తోట చూసేసరికి సాయంకాలమైనది. ఆ రాత్రే రైలు ఎక్కి ఉంటే లాడ్జి అద్దె మిగిలేది. అటువంటి సలహా మాకు ఇచ్చినవారూ ఉన్నారు. కాని పగలంతా నడిచిన మోకాళ్లను మళ్లీ ప్లాట్‌ఫారం మీద నిలబెట్టడం మాకు ఇష్టం లేకపోయినది. ఆ అద్దె మా పద్దులలో అన్నింటికన్నా సార్థకమైన ఖర్చని ఇప్పటికీ అనుకుంటాము. వేడినీళ్ల కాపడంతో ఆవిడ హాయిగా నిద్రపోయినది.

ఆదివారం స్వల్ప రుసుముతో సాలార్‌జంగ్ మ్యూజియం. మహాత్మా గాంధీ బస్ స్టేషను మెట్రోకు అది దగ్గరే. సామాను రెండే సంచులు కనుక మోయడం కష్టమనిపించలేదు. బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెకా విగ్రహం ముందు అమ్మాయి, రాతి ముసుగు వెనుక ముఖం ఎలా కనిపిస్తుందని చాలాసేపు నిలబడినది. పన్నెండు కొట్టే వేళకు గడియారం ముందు చేరితే, బొమ్మ బయటకు వచ్చి పన్నెండు దెబ్బలు కొట్టడం చూడవచ్చును. జనం ఎక్కువగా ఉంటారు కనుక పావుగంట ముందే స్థలం చూసుకోవాలి. ఆ సాయంకాలమే తిరుగు గోదావరి ఎక్కి, సోమవారం ఉదయం బడి వేళకు ఇల్లు చేరాము. నోటు పుస్తకంలో చివరి అంకె 15,720.

వెళ్లదలచినవారు రోజులు మార్చుకుంటే ఇది గుర్తుంచుకోవాలి: మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూపార్కుకు సోమవారం. ఏప్రిల్, మే నెలలలో ఆ బండరాళ్ల నేల మీద ఎండ దారుణంగా ఉంటుంది. పెద్దవారితో ఆ వేళ బయలుదేరవద్దు. రెండేళ్లలోపు పసివారున్నవారు ఇంకా కొన్నాళ్లు ఆగడం మంచిది. మా పొరుగువారు వచ్చే జనవరికి టిక్కెట్లు తీసే ఆలోచనలో ఉండి, మా నోటు పుస్తకం పట్టుకుపోయారు.