గోడ ఎవరిని కాపాడింది?

మేం పాతబస్తీవాళ్లం. గోడల గురించి మాకు కొత్తగా చెప్పేదేముంది? మా షహర్ చుట్టూ ఒకప్పుడు ఫసీల్ ఉండేది. అది కూలిపోయి పురానాపూల్, దబీర్‌పురా దర్వాజాలు మిగిలాయి. గోడ పోయినా గీత పోలేదు. మూసీ దాటి అద్దెకు ఇల్లు అడిగితే, అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడిన మనిషి మా పేరు వినగానే 'నిన్ననే ఇచ్చేశాం' అంటాడు.

అలాంటి మేం లీడ్స్‌లో చదువుకుంటున్న మా భాంజా దగ్గరికి పోయినప్పుడు, ఒక శని, ఆదివారాలు యార్క్ చూడ్డానికెళ్లాం. రైల్లో అరగంట కూడా పట్టలేదు. స్టేషన్ బయటికొస్తే ఎదురుగా గోడే. క్రీ.శ. 71లో రోమన్లు కోట కట్టిన ఊరది. ఇప్పుడున్న గోడ చాలామటుకు మధ్యయుగాలది. దాని మీద మూడు కిలోమీటర్లకు పైగా నడవొచ్చు, టికెట్ లేదు. దర్వాజాను అక్కడ 'బార్' అంటారు. మికిల్‌గేట్ బార్ మీద 1460లో యార్క్ డ్యూక్ తల నరికి పెట్టారట. ఇప్పుడక్కడ పిల్లలు ఐస్‌క్రీం తింటూ ఫొటోలు దిగుతున్నారు. చల్లగాలి, దూరంగా మిన్‌స్టర్ చర్చి శిఖరాలు. మాకూ హాయిగానే ఉంది.

క్లిఫర్డ్స్ టవర్ దగ్గర ఆ హాయి పోయింది.

పచ్చటి దిబ్బ, దాన్నిండా పసుప్పచ్చ డాఫొడిల్ పూలు, పైన రాతి బురుజు. దిబ్బ కింద 1978లో పెట్టిన ఒక ఫలకం. 1190 మార్చిలో ఊళ్లోని యూదులు దాదాపు నూట యాభై మంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, అప్పుడక్కడున్న కొయ్య బురుజులో దాక్కున్నారు. అది రాజుగారి కోట. కాపాడుతుందనుకున్నారు. బయట గుంపు. గుంపును ఎగదోసినవాళ్లలో యూదులకు బాకీపడ్డ పెద్దమనుషులున్నారు. దారి లేక ఎంతోమంది తమ పెళ్లాంబిడ్డల్ని తామే చంపుకుని చచ్చిపోయారు. మతం మారతాం, వదిలెయ్యమని బయటికొచ్చినవాళ్లనీ నరికేశారు. ఆ తర్వాత గుంపు మిన్‌స్టర్‌కు పోయి అక్కడ దాచిన అప్పుపత్రాలు తగలబెట్టింది. దేవుడి పేరు మీద మొదలైంది బాకీ చెరిపేసుకోవడంతో ముగిసింది. వందేళ్లకు, 1290లో, ఇంగ్లండ్ రాజు యూదులందర్నీ దేశం నుంచే వెళ్లగొట్టాడు.

మేం మెట్ల మీదే కూర్చుండిపోయాం. వాళ్లు యూదులు, మేం ముసల్మాన్లం. అయినా లోపలినుంచి తలుపు గడియ వేసుకున్నవాళ్ల గుండె చప్పుడు మాకు తెలుసు. 1990 డిసెంబరు కర్ఫ్యూలో మేమూ అట్లాగే కూర్చున్నాం.

'మామూ, ఇక్కడి మస్జిద్ కత తెలుసా?' అన్నాడు భాంజా. 2013 మేలో లండన్‌లో ఒక సైనికుణ్ణి ఇస్లాంలోకి మారినవాళ్లు చంపారు. నాలుగురోజులకే యార్క్ మస్జిద్ ముందు నిరసనకు కొందరొచ్చారు. లోపలివాళ్లు తలుపు తెరిచి చాయ్, బిస్కెట్లు ఇచ్చారు. తర్వాత కలిసి ఫుట్‌బాల్ ఆడారు. మస్జిద్‌కు అండగా వచ్చిన ఊరివాళ్లే ఎక్కువమంది.

ఆ మస్జిద్ వామ్‌గేట్ బార్ దాటాక, గోడకు బయట ఉంది. ఆదివారం జొహర్ అక్కడే చదివాం.

మాకు గర్వం కలిగింది, కోపమూ వచ్చింది. ఎవడో చేసిన ఖూన్‌కు చాయ్ పోసి మంచివాళ్లమని రుజువు చేసుకోవాల్సింది ఎప్పుడూ మేమేనా? ఇంట్లోనూ అదే పరీక్ష, పరాయి దేశంలోనూ అదే పరీక్ష. అయితే ఆ తలుపు తెరవడానికి ఎంత గుండె కావాలో కూడా మాకు తెలుసు.

తిరుగు రైల్లో మాకు మా ఇంటి పిట్టగోడ గుర్తొచ్చింది. ఆ కర్ఫ్యూ రోజుల్లో పక్కింటి పెద్దమ్మ, వాళ్లాయన వద్దంటున్నా, ఆ గోడ మీదుగా రోజూ చెంబుతో పాలు అందించేది. మా అమ్మీ ఖాళీ చెంబు ఎన్నడూ తిరిగివ్వలేదు, అందులో ఏదో ఒకటి వేసే ఇచ్చేది. యార్క్‌లో రాజుగారి కోట నూట యాభై మందిని కాపాడలేకపోయింది. మమ్మల్ని కాపాడింది నడుమెత్తు గోడ, దాని అవతల నిలబడ్డ ఒక మనిషి.