దొంగల సంతలో రాజుగారి నాణెం

లిస్బన్‌లో ప్రతి మంగళవారం, శనివారం సాంటా క్లారా మైదానంలో సంత జరుగుతుంది. ఫెయిరా ద లాద్రా అంటారు. దొంగల సంత అని దానికి అర్థం చెబుతారు. ఆ పేరు విన్నప్పుడే నాకు కొంచెం గుబులు పుట్టింది. కాని మా అన్నయ్యకు నాణేల పిచ్చి. పోర్చుగల్ వెళ్ళి ఉత్తచేతులతో వస్తే ఊరుకుంటాడా?

గుడ్డ పరచి కూర్చున్న ఒక ముసలాయన దగ్గర చిన్న బిళ్ళ దొరికింది. గోరంత పలుచన, గ్రాము బరువైనా లేదు. ఒక వైపు సిలువ, దాని సందుల్లో చుక్కలు, నెలవంకలు. రెండో వైపు అయిదు చిన్న డాళ్ళు. 1279 నుంచి 1325 వరకు ఏలిన దినీష్ రాజు కాలపు దిన్యేరో అట. పదిహేను యూరోలిచ్చి కొన్నాను.

ఆ రాత్రి హోటల్లో నాకు బుద్ధి పెడదారి పట్టింది. మసిబారి ఉంది గదా, మెరిపించి ఇద్దామని పళ్ళు తోముకునే పేస్టు పెట్టి రుద్దాను. తెల్లదనం కాస్తా పోయి రాగి బయటపడింది! దొంగల సంతలో మోసపోయానని నిశ్చయించుకుని, శనివారం దాకా కోపం దాచుకుని, తెల్లవారగానే వెళ్ళి ఆ ముసలాయనను నలుగురిలో నిలదీశాను.

ఆయన నాణెం చూసి, నా మొహం చూసి, "దీన్ని తోమారా?" అన్నాడు, ఎవరో పోయినట్టు.

ఆ తరువాత ఓపికగా చెప్పాడు. దిన్యేరోలో వెండి సుమారు పన్నెండింట ఒక పాలే, తక్కినదంతా రాగి. టంకశాలలో బిళ్ళను పుల్లని ద్రవంలో నానవేస్తే పైనున్న రాగి కరిగి, వెండి పలుచని పొరగా తేలుతుంది. ఏడు వందల యేళ్ళు నిలిచిన ఆ పొరనే నేను పావుగంటలో వదిలించాను.

అయితే మోసమెవరిది? వెండి తగ్గించి, అంతే వెండితో ఎక్కువ నాణేలు కొడితే లాభం ఖజానాది, నష్టం సంతకు వచ్చేవాడిది. అందుకే దినీష్ తండ్రి మూడవ అఫోన్సు కాలంలో, 1261లో, కొయింబ్రా సభలో ప్రజల ప్రతినిధులు నాణెం విషయమై రాజుతో గట్టిగా బేరమాడారు. ఆ బేరం కలకాలం నిలవలేదు. దినీష్ మునిమనుమడు ఫెర్నాందు (1367–1383) కాస్టీలుతో యుద్ధాలకు దిగి వెండిని ఇంకా పలచబరిచాడు. పదిహేనవ శతాబ్దంలో దిన్యేరో నాణెం పోయి పేరు మిగిలింది. పోర్చుగీసులో నేటికీ డబ్బును దిన్యేరో అనే అంటారు. మన డబ్బు కూడా ఒకప్పుడు రాగి నాణెం పేరే గదా!

ముసలాయనకు క్షమాపణ చెప్పుకుని, ఆయన సలహాపై డబ్బు మ్యూజియానికి వెళ్ళాను. ఒకప్పటి సావ్ జూలియావ్ చర్చి అది. నేలమాళిగలో దినీష్ 1294లో నదివైపు కట్టించిన కోటగోడ ముక్క ఉంది. గోడకు ఎదురుగా నిలబడి జేబులోని బిళ్ళను తడుముకున్నాను.

ఇంటికి వచ్చాక అన్నయ్య భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. నేను నిజం చెప్పేశాను.

"అక్షరాలు మిగిల్చావు, అదే పదివేలు" అని, దాన్ని కాగితంలో చుట్టి, బీరువాకు తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకున్నాడు.