ఈ సంక్రాంతికి పాకుండలు అడగండి

ధనుర్మాసం వచ్చిందంటే మా గోదావరి జిల్లాల మిఠాయి కొట్ల రూపే మారిపోతుంది. ఏడాదంతా ముందు వరసలో ఉండే తాపేశ్వరం మడత కాజా, కాకినాడ గొట్టం కాజా కాస్త పక్కకు జరిగి అరిసెలకి, పాకుండలకి, జంతికలకి చోటిస్తాయి.

వీటిలో పాకుండలంటే నాకు ప్రాణం. నానబెట్టిన బియ్యాన్ని తడి ఆరకముందే పిండి పట్టించి, బెల్లం పాకంలో కలిపితే చలిమిడి. దాన్ని నువ్వులద్ది పల్చగా వత్తి వేయిస్తే అరిసె. కొబ్బరి ముక్కలు వేసి చిన్న ఉండలు చేసి వేయిస్తే పాకుండ. పాకం లేతదైతే నూనెలో విడిపోతుంది, ముదిరితే రాయైపోతుంది. ఆ అదను చేసే చేతులకే తెలుసు.

ఇలాంటి ఒక ప్రాంతపు పండగ వంట దేశమంతా చేరగలదా అంటే, చేరగలదు. జపాన్‌లో సెత్సుబున్ పండక్కి ఎహోమకి అనే పొడవాటి అన్నం చుట్ట తింటారు. ఒకప్పుడది ఒసాకా వైపు అలవాటు. 1998లో సెవెన్ ఎలెవెన్ దుకాణాలు దేశమంతటా అమ్మడం మొదలుపెట్టాక జపానంతా పాకింది. వీధి చివరి దుకాణం ఒక ప్రాంతం రుచిని దేశం పండగగా చేసింది!

మన ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు వచ్చింది. ఊరి పేరుతోనే అడిగి మరీ కొంటున్నారు. పాకుండలకీ ఆ రోజు రావాలి.

హైదరాబాదులో, బెంగళూరులో ఉన్న మనవాళ్లకి నా మాట ఒకటే. పండక్కి అరిసెలతో పాటు ఒక కిలో పాకుండలు కూడా చెప్పండి. మన ఊళ్లలో పొయ్యి దగ్గర కూర్చుని వండే ఆడవాళ్ల దగ్గరే కొనండి. అడిగేవాళ్లుంటేనే వండేవాళ్లుంటారు.