ముహూర్తం తెలుసు, నెలసరి తేదీ తెలియదు

పురుడు ఏ నిమిషానికి రావాలో రాసిన కాగితం చేతిలో ఉంటుంది. చివరిసారి బయటున్నది ఏ తేదీన అని అడిగితే మాత్రం కోడలు అత్త వంక చూస్తుంది, అత్త గోడమీది క్యాలెండర్ వంక చూస్తుంది. సూళ్లూరుపేటలో కాన్పులు చూసే డాక్టరుగా నన్ను ఇంతగా బాధపెట్టేది ఇంకొకటి లేదు.

మూడు నెలలు నిండేదాకా కడుపు సంగతి బయటపెట్టకూడదని మన ఇళ్లలో పట్టింపు. దిష్టి తగులుతుందని భయం. నిలవకపోతే నలుగురికీ ఏం చెప్పుకోవాలన్న దిగులు. ఆ దిగులు నాకు అర్థమవుతుంది. ఊరికి చెప్పకండి, చుట్టాలకు చెప్పకండి. డాక్టరుకు కూడా చెప్పకపోతే ఎట్లా? బిడ్డ మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన నాళం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుంటుంది. అంటే నెల తప్పిన రెండు వారాలకే. అది సరిగా మూసుకోవడానికి తోడ్పడే ఫోలిక్ యాసిడ్, రోజుకు 400 మైక్రోగ్రాములు, పిల్లలు కావాలనుకున్నప్పుడే మొదలుపెట్టాలి. నాలుగో నెలలో వచ్చి "ఏ మాత్రలు రాసినా వేసుకుంటాను మేడం" అనే పిల్లకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

తేదీ సంగతీ అంతే. 14 వారాలలోపు స్కాన్ తీస్తే బిడ్డ వయసు వారంలోపు తేడాతో తెలుస్తుంది. తొమ్మిదో నెలలో తీస్తే మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు. పైగా తొలికాన్పు పుట్టింట్లో. సీమంతం కాగానే చీరలూ గాజులూ సర్దుకుని వస్తారు. మొదటి స్కాన్ కాగితం అత్తగారింటి బీరువాలోనే ఉండిపోతుంది.

తడ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయిని మరిచిపోలేను. శ్రీసిటీలో షిఫ్టు పని. లీవు దొరకదని మొదటి నెలల్లో ఎక్కడా చూపించుకోలేదు. పుట్టింటికి చేరాక వాళ్లమ్మ తీసుకొచ్చింది.

"తొమ్మిదో నెల పడింది డాక్టరమ్మా. శుక్రవారం పొద్దున ఆరూ పన్నెండుకి మంచి ఘడియ అని అయ్యోరు రాసిచ్చినారు. ఆపరేషన్ చేసెయ్యండి."

తొమ్మిదో నెల పడిందంటే నిండినవి ఎనిమిదే. బీపీ బాగుంది, ఉమ్మనీరు బాగుంది, బిడ్డ తల కిందికే ఉంది. 36 వారాలు దాటినట్టు నాకు అనిపించలేదు. కారణం లేకుండా 39 వారాలలోపు బిడ్డను తియ్యకూడదమ్మా, ఊపిరితిత్తులు ఇంకా సిద్ధం కాలేదు అన్నాను. ఆమె కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. "మీరు చెయ్యకపోతే చేసేవాళ్లు ఉండారులేమ్మా."

ఉన్నారు. చేశారు. సరిగ్గా ఆ ఘడియలోనే పుట్టిన మగబిడ్డ ఊపిరందక ఎగపోస్తుంటే అంబులెన్సులో చెన్నైకి తీసుకెళ్లారు. కాన్పు దగ్గరపడి నొప్పులు మొదలైతే బిడ్డ ఊపిరితిత్తుల్లోని నీరు ఇంకిపోతుంది. నెలలు నిండకుండా, నొప్పులు రాకుండా తీస్తే అది అక్కడే నిలుస్తుంది. ఆక్సిజన్ పెట్టారు, బాక్సులో ఉంచారు, బిడ్డ కోలుకున్నాడు. కుట్లతో ఇక్కడ మంచంమీదున్న తల్లి మాత్రం తొలిరోజుల్లో కొడుకును ఫోన్లోనే చూసుకుంది.

"మంచి ఘడియలోనే పుట్టినాడు గదమ్మా, ఎందుకిట్లా అయింది?" అని ఆ అమ్మమ్మ ఏడిస్తే చేతులు పట్టుకోవడం తప్ప ఏమనగలను? మనవడి మీద ప్రేమతోనే అడిగింది. నా కోపమంతా తెలిసీ తలూపిన డాక్టరు మీద.

ముహూర్తాన్ని నమ్మడం తప్పని నేననను. శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరేముందు ఇస్రో పెద్దలు మన చెంగాళమ్మ గుడికి వచ్చి దండం పెట్టుకుంటారు. అయినా 2019 జులై 15న, చంద్రయాన్-2 ఎగరడానికి 56 నిమిషాల ముందు లోపం కనబడితే కౌంట్‌డౌన్ ఆపేశారు. చూడ్డానికి రాష్ట్రపతి వచ్చి కూర్చున్నా ఆపేశారు. వారం ఆగి 22న పంపారు, చంద్రుడి కక్ష్యకు చేరింది. రాకెట్ కోసం ఆగినవాళ్లు మన ఊరి పక్కనే ఉన్నారు. నిండని బిడ్డ కోసం మూడు వారాలు మనం ఆగలేమా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద చూస్తే అందులో సగమే. అవన్నీ ముహూర్తాలవి కావు. పెద్దాపరేషన్ ప్రాణాలు నిలబెడుతుంది. మాయ అడ్డుపడినా, బిడ్డ అడ్డం తిరిగినా, గుండె చప్పుడు తగ్గినా రాహుకాలంలోనైనా చేస్తాను, ఒక్క క్షణం ఆలోచించను.

అమ్మాయిలూ, నెలసరి మొదటిరోజు తేదీ నెలనెలా ఫోన్లో రాసుకోండి. అబ్బాయిలూ, మీరూ గుర్తుపెట్టుకోండి. నెల తప్పిన వారంలోనే డాక్టరు దగ్గరకు రండి. పుట్టింటికి వెళ్లేటప్పుడు మొదటి స్కాన్ కాగితం చీరలకంటే ముందు పెట్టెలో పెట్టండి. డబ్బులు లేవని ఆగొద్దు. ఊళ్లో ఏఎన్ఎం దగ్గర పేరు నమోదుకు పైసా అక్కర్లేదు. నాలుగో నెల నుంచి, ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు పరీక్ష కూడా ఉచితమే.