అదే వరస, ఇంకో గ్రహం

పాత 'స్టార్ ట్రెక్' (1966–69) ఎపిసోడ్లు ఒకదాని వెంట ఒకటి చూస్తూ పోతే ఒక సంగతి చెవికి తగులుతుంది. గ్రహం మారుతుంది, శత్రువు మారతాడు, కొట్లాట సంగీతం మాత్రం మారదు. 1967లో వచ్చిన 'అమాక్ టైమ్' ఎపిసోడ్‌లో ప్రాణస్నేహితులు కర్క్, స్పాక్ ఒకర్నొకరు చంపుకునేదాకా పోతారు. ఆ పోరు కోసం జెరాల్డ్ ఫ్రీడ్ రాసిన బాణీ అది. తర్వాతి ఎపిసోడ్లలో ఇంకెవరెవరో కొట్టుకున్నా అదే మోగింది. పెద్ద రహస్యమేం లేదు, ఖర్చు. సీజన్‌లో కొన్ని ఎపిసోడ్లకే ఆర్కెస్ట్రాని పిలిచేవాళ్ళు. మిగతావాటికి ఆ టేపుల్లోంచి ముక్కలు కోసి అతికించేవాళ్ళు. 'లాస్ట్ ఇన్ స్పేస్' వాళ్ళయితే, బెర్నార్డ్ హెర్మన్ 1951లో ఒక సినిమాకి చేసిన సంగీతాన్నే తెచ్చి వాడుకున్నారు. 'ట్విలైట్ జోన్' టైటిల్ సంగీతం, మారియస్ కాన్‌స్టంట్ లైబ్రరీ కోసం విడివిడిగా రాసిన రెండు ముక్కల్ని కలిపి కుట్టింది.

నేను హైదరాబాద్‌లో వెబ్ సిరీస్‌లకి సౌండ్ ఎడిటింగ్ చేస్తాను. ఈ కత్తిరింపులు, అతికింపులే నా జీతం. కానీ ఈ విద్య నాకు స్టూడియోలో తెలిసింది కాదు. మా తాత కడప జిల్లా పల్లెల్లో పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. కోపానికొక వరస, ఏడుపుకొకటి, రాయబారానికొకటి. అర్జునుడి కోపమైనా, విశ్వామిత్రుడి కోపమైనా ఒకటే ఎత్తుగడ. ఎప్పుడూ అవే వాయిస్తావేంది తాతా అని చిన్నప్పుడు అడిగితే ఇట్లా అన్నాడు: "మాట కొత్తదైతే వరస తెలిసింది ఉండాల అబ్బీ. రెండూ కొత్తవైతే జనం దేన్ని పట్టుకోని నిలబడతారు?"

సైన్స్ ఫిక్షన్ సంగీతం మీద నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటి మాట దొరకలేదు. అట్టముక్కల గ్రహం, రబ్బరు రాక్షసుడు, నోరు తిరగని పేర్లు. అన్నీ కొత్తవే అయిన చోట, ఇక్కడ భయపడాలి, ఇక్కడ ఊపిరి పీల్చుకోవచ్చు అని చెయ్యి పట్టుకుని చెప్పేది పాత బాణీయే. జెర్రీ గోల్డ్‌స్మిత్ 1979లో స్టార్ ట్రెక్ సినిమాకి చేసిన థీమ్‌ని 1987లో కొత్త టీవీ సిరీస్‌కి తెచ్చుకున్నారు. ఓడ కొత్తది, మనుషులు కొత్తవాళ్ళు. పాట వినగానే ఇల్లు తెలిసిపోయింది.

మరి తాతకి ఆ వరసలు ఎక్కడివి? ఆయన గురువు దగ్గరివి. గురువుకి, ప్రొద్దుటూరులో డేరా వేసిన సురభి వాళ్ళ దగ్గరివి. సురభి అంటే నాటక సమాజం పేరుగానే మనకి తెలుసు. అది మా కడప జిల్లాలో ఊరు. 1885లో అక్కడ 'కీచకవధ'తో మొదలైన ఆ కుటుంబాల నాటకం ఇప్పటికీ నడుస్తోంది. వాళ్ళ 'మాయాబజార్' రంగస్థలం మీద ఎంత పేరో, 1957లో విజయా వాళ్ళు తీసిన సినిమా తెర మీద అంత. నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డిదీ కడప జిల్లానే. తలుపు తెరిస్తే మనసైనవాళ్ళు కనిపించే ప్రియదర్శిని పెట్టె ఉన్న ఆ సినిమా నా లెక్కలో మన మొదటి సైన్స్ ఫిక్షన్.

అందులో ఘటోత్కచుడి 'వివాహ భోజనంబు' సంగతి చూడండి. ఆ పల్లవి సురభి నాటకంలోదంటారు. బాణీకి మూలం 1940ల్లో గాలి పెంచల స్వరపరిచిన 'జానకీ శపథం' హరికథ రికార్డు అని, దానికి మూలం 1922 నాటి ఇంగ్లీషు పాట 'ది లాఫింగ్ పోలీస్‌మన్' అని చెబుతారు. ఆ పాడింది చార్లెస్ పెన్‌రోజ్. ఆయన బాణీ తీసుకున్నది జార్జ్ డబ్ల్యూ జాన్సన్ 'లాఫింగ్ సాంగ్' నుంచి. జాన్సన్ అమెరికాలో బానిసగా పుట్టిన నల్లజాతి గాయకుడు. 1890ల్లో, రికార్డులకి కాపీలు తీయడం ఇంకా సరిగా రాని రోజుల్లో, ఆయన అదే పాటని, అదే నవ్వుని రోజంతా మళ్ళీ మళ్ళీ పాడేవాడు. 1914లో న్యూయార్క్‌లో పేదరికంలోనే పోయాడు. సమాధి మీద పేరు కూడా లేదు. వందేళ్ళ తర్వాత, 2014లో రాయి పెట్టారు.

నవ్వు మాత్రం అక్కణ్ణించి ఘటోత్కచుడి దాకా వచ్చేసింది. పేరు ఎక్కడ రాలిపోయిందో వెతకాలి.

వరస తిరగడంలో నాకు ఏ తప్పూ కనిపించదు. తిరక్కపోతే చచ్చిపోతుంది. కానీ వరస అందరిదీ, వాయించిన వేళ్ళు ఒకరివి. ఈ రెండింటినీ కలిపేసి, అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు అనేస్తారు చూడండి, నా పేచీ అక్కడ.

ఈ మధ్య ఒక టైమ్ మెషీన్ సిరీస్‌కి పని చేస్తూ, ఎడిట్ కోసమని తాత క్యాసెట్‌లోని నలభై సెకన్లు పెట్టాను. వాళ్ళకి బాగా నచ్చింది. "దీన్నే ఉంచుదాం, టైటిల్స్‌లో జానపదం అని వేస్తే సరిపోతుంది" అన్నారు. రెండు పంక్తులు రాసి పంపాను. ఒకదాంట్లో తాత పేరు, ఊరు. రెండోదాంట్లో, వరస సురభి నాటకాల దారిన వచ్చిందని. కార్డులో అంత చోటు లేదన్నారు. పేర్లకి చోటు లేకపోతే నలభై సెకన్లకీ లేనట్టే అన్నాను.

ఇంకా తేలలేదు. ఆ ముక్క తీసేసిన వెర్షన్ కూడా ఒకటి తయారుగా పెట్టుకున్నాను.